కంట్లో మెరుపులు, నల్ల పోగులు: నెల్లూరు పొగతోటలోని ఒక రెటీనా క్లినిక్ మీద నా రివ్యూ

కంట్లో ఉన్నట్టుండి నల్లటి పోగులు తేలడం మొదలైనా, పక్క నుంచి ఎవరో ఫ్లాష్ కొట్టినట్టు మెరుపులు కనిపించినా, నెల్లూరు చుట్టుపక్కల ఉండేవాళ్ళు చెన్నై రైలు ఎక్కేముందు ఒకసారి ఇక్కడ చూపించుకోండి. కన్ను అంచుల దాకా చూస్తారు, చూసింది అర్థమయ్యేలా చెప్తారు, అవసరం లేని లేజర్ అంటగట్టరు. వెయిటింగ్ మాత్రం ఘోరం, ఆ సంగతి కింద రాస్తాను. ఐదుకి నాలుగు ఇస్తున్నాను, ఆ నాలుగూ డాక్టర్ గారి చూపుకీ ఓపికకీ.

నాది కావలి, ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను, వయసు యాభై దాటింది, హైస్కూల్ రోజుల నుంచీ మైనస్ ఆరు అద్దాలు. ఇది ఎందుకు చెప్తున్నానంటే ఈ సమస్య మైనస్ పవర్ ఉన్నవాళ్ళకి మిగతావాళ్ళ కంటే ముందే వస్తుంది. ఒక రాత్రి బండి మీద ఇంటికి వస్తుంటే కుడి కంటి బయటి అంచులో వంపు తిరిగిన మెరుపు ఒకటి వచ్చింది, కన్ను తిప్పినప్పుడల్లా అదే చోట మళ్ళీ మళ్ళీ వచ్చింది. తెల్లారి క్లాసులో వైట్‌బోర్డు మీద రాస్తుంటే గుండ్రటి రింగు ఒకటి, దాని వెంట సన్నటి పోగులు నాలుగైదు. చూపు బోర్డు ఎడమ నుంచి కుడికి జరిపి ఆపితే, నా చూపు ఆగినా ఆ రింగు ఆగలేదు. కొంచెం ముందుకు పోయి, వెనక్కి వచ్చి, నిదానంగా కిందికి జారి కుదురుకుంది. జడత్వం, సాగే గుణం, అవరోధం, రోజూ బోర్డు మీద రాసే మాటలన్నీ నా కంటి లోపలే కనిపిస్తుంటే భయం వేసింది, ఇది ఏంటో తెలుసుకోవాలని కూడా గట్టిగా అనిపించింది.

ముందు మా ఊళ్ళోనే అద్దాలు తీసుకునే చోట అడిగాను. వయసైతే అందరికీ వస్తాయి సార్ అని ఒక చుక్కల మందు సీసా చేతిలో పెట్టారు. వయసు మాట నిజమే, చుక్కల మందు మాత్రం దీనికి పనికిరాదు, ఇది అందరూ తెలుసుకోవాలి. ఆ చుక్కలు కంటి పైపొరని తడుపుతాయి. పోగులు తేలేది కంటి గుడ్డు మధ్యలో, కటకం వెనకాల. పైన వేసిన చుక్క అక్కడికి పోయి వాటిని కరిగించేది ఏమీ ఉండదు. పైగా కంటిపాప పెద్దది చేసి లోపల చూడకుండా "ఏం కాదు" అని ఎవరూ చెప్పలేరు, చెప్పకూడదు. ఆ మాట నమ్మి ఇంట్లో కూర్చునేవాళ్ళు మన ఊళ్ళలో చాలామంది ఉన్నారు, నాకు కోపం వచ్చేది అక్కడే.

ఇక క్లినిక్ సంగతి. పొగతోట ఆస్పత్రుల సందుల్లో మేడ మీద ఉంటుంది. కౌంటర్లో అమ్మాయి పేరు రాసుకుంటూ అడిగిన మొదటి మాట, "సార్, తోడు ఎవరైనా ఉండారా? చుక్కలు వేస్తే బండి నడపలేరు." మా బావ వచ్చాడని చెప్పాకే టోకెన్ ఇచ్చింది. నాకిది బాగా నచ్చింది. కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేశాక నాలుగైదు గంటలు దగ్గరి అక్షరాలు అలుక్కుపోతాయి, ఎండ కళ్ళలో గుచ్చుకుంటుంది, ఆ కళ్ళతో హైవే మీద కావలి దాకా బండి నడపడం ప్రాణాలతో చెలగాటం. కొన్ని చోట్ల ఈ మాట చుక్కలు వేసేశాక చెప్తారు.

చుక్కలు వేసి కూర్చోబెట్టాక అసలు పరీక్ష రెండు రకాలుగా జరుగుతుంది. మొదట గడ్డం ఆనించి కూర్చునే మెషిన్ దగ్గర, సన్నటి వెలుగు గీతతో కటకం వెనకాల ఉన్న జెల్‌ని చూస్తారు. అక్కడ గోధుమ రంగు రేణువులు తేలుతున్నాయా అన్నది ముఖ్యం. పొగాకు పొడిలా ఉంటాయని డాక్టర్లు కూడా వాటిని టొబాకో డస్ట్ అనే పిలుస్తారు. అవి కనిపిస్తే రెటీనా, అంటే కంటి వెనక గోడ మీద వెలుతురుని పట్టే పొర, ఎక్కడో చిరిగి, దాని వెనక పొరలోని రంగు కణాలు బయటపడ్డాయని అనుమానించాలి. నాకు లేవు. రెండోది బల్ల మీద పడుకోబెట్టి, డాక్టర్ తలకి లైటు కట్టుకుని, చేతిలో లెన్స్ పట్టుకుని చూసేది. ఇందులో ఒక చిన్న లోహపు పరికరంతో రెప్ప మీద నుంచి కంటి గుడ్డుని నొక్కుతారు. నొప్పిగానే ఉంటుంది, చెప్తున్నాను. ఆ నొక్కుడు లేకపోతే రెటీనా ముందు అంచు చూపుకి అందదు, చిరుగులు ఎక్కువగా వచ్చేది ఆ అంచు దగ్గరే. డాక్టర్ మేడమ్ పైకి చూడండి, కిందికి చూడండి, ముక్కు వైపు చూడండి అంటూ గడియారం అంకెల లెక్కన చుట్టూ తిరిగి చూశారు, రెండు కళ్ళూ. ఇబ్బంది లేని ఎడమ కన్ను కూడా అంతే ఓపికగా చూశారు. ఈ క్లినిక్ గురించి ఒక్క ముక్కే చెప్పమంటే ఇదే చెప్తాను: అంచు నొక్కి చూస్తారు. మీరు ఎక్కడికి వెళ్ళినా సరే, మెరుపులు వస్తున్నాయని వెళ్తే ఈ పరీక్ష చేస్తారా అని అడగండి.

కుడి కంట్లో కొంచెం మసక ఉందని, లోపల రక్తం ఏమైనా చిమ్మిందేమో చూద్దామని బి-స్కాన్ తీశారు. మూసిన రెప్ప మీద జెల్లీ రాసి అల్ట్రాసౌండ్ పుల్ల ఆనిస్తారు. "కన్ను ఎడమకి తిప్పండి సార్, ఇప్పుడు కుడికి, ఇప్పుడు ఆపండి" అన్నారు. తర్వాత ఆ వీడియో స్క్రీన్ మీద నాకు వేసి చూపించారు. కన్ను ఆగిపోయింది, లోపల సన్నటి తెల్లని పొర ఒకటి ఇంకా ఊగుతూనే ఉంది. ఊగి, వెనక్కి వచ్చి, మళ్ళీ కొంచెం ఊగి ఆగింది. నేను బోర్డు మీద చూసిన రింగు కదలిక సరిగ్గా అదే. ఎడమ కంట్లో అలాంటి పొర ఏదీ లేదు, అక్కడ లోపలి జెల్ ఇంకా గోడకి అంటుకునే ఉంది, కంటితో కలిసి కదిలి కలిసి ఆగింది. రక్తం లేదని తేలింది. నేను ఫిజిక్స్ చెప్తానని తెలిశాక మేడమ్ కుర్చీ దగ్గరికి లాక్కుని మొత్తం వివరించారు, బయట అంతమంది ఉన్నా తొందరపడలేదు. ఆవిడ చెప్పిందీ, ఇంటికొచ్చి నేను చదివిందీ కలిపి రాస్తున్నాను, ఎందుకంటే ఇది తెలిస్తే భయం సగం తగ్గుతుంది, జాగ్రత్త ఎక్కడ పడాలో కూడా తెలుస్తుంది.

కంటి గుడ్డులో కటకం వెనకాల ఉన్న చోటంతా ఒక జెల్‌తో నిండి ఉంటుంది, విట్రియస్ అంటారు. రమారమి 4 మిల్లీలీటర్లు, అంటే గుడ్డు పరిమాణంలో దాదాపు ఐదింట నాలుగు వంతులు. అందులో 98 శాతానికి పైగా నీళ్ళే. మిగిలిన ఆ కాస్తలో రెండు ముఖ్యమైన పదార్థాలు: కొల్లాజెన్ పోగులు, హయలురోనిక్ యాసిడ్. కొల్లాజెన్ పోగులు ఎంత సన్నం అంటే మిల్లీమీటర్లో లక్షో వంతు చొప్పున మందం, అవి అల్లుకుని ఒక వలలా నిలబడతాయి. హయలురోనిక్ యాసిడ్ పొడవాటి అణువు, రుణావేశం ఉంటుంది, నీళ్ళని పట్టి ఉంచుకుంటుంది, పోగుల మధ్య ఉబ్బి వాటిని ఒకదానికొకటి అంటుకోకుండా దూరంగా ఉంచుతుంది. జెల్‌కి గట్టిదనం పోగుల వల్ల, ఉబ్బు ఈ యాసిడ్ వల్ల. పోగులు అంత దూరదూరంగా ఉంటాయి కాబట్టే వెలుతురు చెదరకుండా నేరుగా వెనక్కి పోతుంది.

దీని గట్టిదనం ఎంత అని అడిగితే నాకు నమ్మబుద్ధి కాలేదు. గట్టిదనాన్ని పాస్కళ్ళలో కొలుస్తారు. రబ్బరుది పది లక్షల పాస్కళ్ళ దగ్గర ఉంటుంది, ఈ జెల్‌ది ఒకట్లలో, పదుల్లో. దాన్ని కొలవడం కూడా కష్టమే, ఎందుకంటే కంట్లోంచి బయటికి తీసిన వెంటనే దాని గుణం మారిపోతుంది. 2008లో వచ్చిన ఒక పరిశోధనలో పశువుల కళ్ళలోంచి జెల్ తీసి కొలిస్తే, మొదట 30 పాస్కళ్ళ పైన ఉన్నది కాసేపటికి 7 దగ్గరికి పడిపోయింది, పంది కళ్ళలో 10 నుంచి 3 లోపుకి. ఒత్తిడి పడగానే హయలురోనిక్ యాసిడ్ ఉన్న ద్రవం కారిపోతుంది, ఉబ్బు పోతుంది, బిగువు పోతుంది. అంటే కంటి లోపల ఉన్నప్పుడు ఆ పోగుల వల ఊరికే వదులుగా లేదు, ఉబ్బు వల్ల బిగిసి ఉంది. నేను పిల్లలకి స్థితిస్థాపకత చెప్పేటప్పుడు ఎప్పుడూ తీగలే ఉదాహరణగా తీసుకునేవాణ్ణి, ఇకపై ఇది కూడా చెప్తాను.

మెల్లగా లాగితే పారుతుంది, ఊపుగా కదిపితే స్ప్రింగులా వెనక్కి వస్తుంది. ఈ రెండు గుణాలూ ఒకేసారి ఉండటం కంటికి చాలా అవసరం. మనం మెలకువగా ఉన్నంతసేపూ కళ్ళు సెకనుకి రెండు మూడు సార్లు ఒక చోటి నుంచి ఇంకో చోటికి గెంతుతూనే ఉంటాయి, రోజుకి లక్ష గెంతులకు పైగానే లెక్క తేలుతుంది. పెద్ద గెంతుల్లో కన్ను సెకనుకి కొన్ని వందల డిగ్రీల వేగంతో తిరిగి టక్కున ఆగుతుంది. లోపల గట్టి జెల్ ఉన్నంతకాలం అది గోడతో పాటు తిరిగి, కొద్దిగా ఊగి, తనలోనే ఆ ఊపుని అరిగించుకుని ఆగుతుంది. గోడ మీద లాగుడు ఎక్కడా ఒకే చోట పడదు.

వయసుతో ఇది మారుతుంది, మనం అనుకున్నదాని కంటే చాలా ముందే. 14 నుంచి 18 ఏళ్ళకే జెల్‌లో ఐదో వంతు నీరైపోయి ఉంటుంది, 80, 90 ఏళ్ళకి సగానికి పైగా. మన వైపు వేసవిలో తాటిముంజెలు తినేవాళ్ళకి దీన్ని ఊహించుకోవడం తేలిక: లేత ముంజె పైకి మెత్తటి గుజ్జు, నడుమ నీళ్ళ గది. కంట్లో కూడా అలాగే జెల్ నడుమ నీళ్ళ గదులు ఏర్పడతాయి. హయలురోనిక్ యాసిడ్ పోగుల నుంచి విడిపోతుంది, ఆసరా పోయిన పోగులు ఒకదానికొకటి చుట్టుకుని ముద్దలవుతాయి. ఆ ముద్దల నీడలు రెటీనా మీద పడితే అవే మనం చూసే చుక్కలు, పోగులు. తెల్లటి ఆకాశం, వైట్‌బోర్డు, ఎండలో మైపాడు ఇసక, వీటి ముందు ఎక్కువ కనిపించడానికి కారణం కూడా ఉంది. వెలుతురు ఎక్కువైతే కంటిపాప చిన్నదవుతుంది, అప్పుడు నీడల అంచులు తేటగా వస్తాయి.

ఇక నాకు జరిగింది. నీళ్ళ గదులు పెరిగి పెరిగి ఒక రోజు ఆ నీరు జెల్‌కీ రెటీనాకీ మధ్యకి దూరుతుంది, జెల్ వెనక గోడ నుంచి ఊడి ముందుకి వస్తుంది. పీవీడీ అంటారు, పోస్టీరియర్ విట్రియస్ డిటాచ్‌మెంట్ అని. జబ్బు కాదు, వయసుతో వచ్చే మార్పు, అరవై దాటిన వాళ్ళలో చాలా మామూలు. నేను చూసిన గుండ్రటి రింగు, కంటి నరం అంచు చుట్టూ జెల్ అంటుకున్న చోటు నుంచి ఊడొచ్చిన ముక్క. మెరుపులు ఎందుకంటే, రెటీనాకి నొప్పి తెలియదు, దానికి తెలిసింది వెలుతురు ఒక్కటే. జెల్ లాగినా సరే, అది మెదడుకి వెలుతురు అనే చెప్తుంది. చీకట్లో కన్ను తిప్పినప్పుడు మెరుపు వస్తే, ఆ క్షణంలో జెల్ రెటీనాని ఎక్కడో లాగుతోందని అర్థం.

ఇక్కడ నేను మేడమ్‌ని ఒకటి అడిగాను. ఇంత మెత్తటి జెల్, పది పాస్కళ్ళది, రెటీనాని ఎలా చింపుతుంది మేడమ్ అని. ఆవిడ చెప్పిన సమాధానం నాకు ఇప్పటికీ బాగా గుర్తు. జెల్ మొత్తంగా మెత్తన, అందులోని ఒక్కో పోగు మెత్తన కాదు. అన్ని చోట్లా ఒకేలా అంటుకుని ఉన్నంతకాలం లాగుడు పంచుకుపోతుంది. వెనకాల అంతా ఊడిపోయి, ముందు అంచు దగ్గర మాత్రం వదలకుండా పట్టుకుని ఉంటే, కన్ను గెంతిన ప్రతిసారీ ఊగే బరువంతా ఆ పట్టు ఉన్న కొద్ది చోటు మీదే పడుతుంది. ముందు అంచు చుట్టూ ఒక పట్టీలా జెల్ రెటీనాకి ఎంత గట్టిగా అతుక్కుని ఉంటుందంటే అది జీవితాంతం ఊడదు. ఆ పట్టీ వెనక అంచు ఎక్కడైనా వంకరగా ఉన్నా, రెటీనా పలుచబడిన మచ్చ ఉన్నా, అక్కడ చిరుగు పడుతుంది. రెటీనా మందం మిల్లీమీటర్లో పావు వంతు, అంచుల్లో ఇంకా తక్కువ. చిరుగులోంచి ఆ నీరు వెనక్కి దూరితే రెటీనా గోడ నుంచి ఊడుతుంది, అదే రెటినల్ డిటాచ్‌మెంట్, చూపు పోయేది దాంతోనే. బలం ఎంతని కాదు, ఎంత చోటు మీద పడుతోందన్నది చూడాలి. పీడనం పాఠంలో పిల్లలకి నేను చెప్పేది కూడా ఇదే.

మెరుపులు, నల్ల చుక్కలతో కొత్తగా వచ్చినవాళ్ళలో 100 మందికి రమారమి 10 నుంచి 15 మందికి చిరుగు దొరుకుతుంది. మిగతావాళ్ళకి ఏమీ ఉండదు. ఎవరు ఏ గుంపులో ఉన్నారో లోపల చూస్తే తప్ప తెలియదు. చిరుగు మొదట్లోనే దొరికితే దాని చుట్టూ లేజర్‌తో అతుకు వేస్తారు, కూర్చున్న చోటే అయిపోతుంది, ఆ మచ్చ గట్టిపడటానికి రెండు వారాలు పట్టొచ్చు. ఆలస్యమై రెటీనా ఊడితే పెద్ద ఆపరేషన్.

నాకు చిరుగు లేదు. కుడి కంట్లో పైభాగం అంచున పలుచబడిన మచ్చ ఒకటి ఉంది, లాటిస్ అంటారు, మైనస్ పవర్ వాళ్ళలో మామూలే. లేజర్ చేయించుకోమంటారేమో అని నేను, మా బావ డబ్బుల లెక్క కూడా వేసుకున్నాం. మేడమ్ వద్దన్నారు. చిరుగు లేకుండా మచ్చ మాత్రమే ఉంటే అందరికీ లేజర్ అక్కర్లేదు సార్, చూస్తూ ఉందాం అన్నారు. చేస్తానంటే నేను కాదనేవాణ్ణి కాదు, ఆవిడకి డబ్బులు వచ్చేవి. అయినా వద్దన్నారు. ఈ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

అయితే మళ్ళీ నెల, నెలన్నర లోపు రమ్మన్నారు, ఇది కచ్చితంగా రావాలి అని రెండు సార్లు చెప్పారు. జెల్ ఊడటం ఒక్క రోజులో పూర్తికాదు, వారాల తరబడి సాగుతుంది, మొదటి రోజు లేని చిరుగు తర్వాత పడొచ్చు. మళ్ళీ వెళ్ళినప్పుడు కూడా అదే నొక్కుడు, అదే ఓపిక, ముందు చూశాం కదా అని తేలిగ్గా పోనివ్వలేదు. ఈ మధ్యలో నల్ల చుక్కలు ఒక్కసారిగా వానలా పెరిగినా, పక్కనుంచి నల్లటి తెర కమ్ముతున్నట్టున్నా అదే రోజు రమ్మని, క్లినిక్ మూసి ఉంటే చెన్నై అయినా వెళ్ళిపొమ్మని చీటీ మీద రాసిచ్చారు.

ఈ పోగుల్ని తీసేయించుకోవచ్చా అని చాలామంది అడుగుతారట, నేనూ అడిగాను. తీసే ఆపరేషన్ ఉంది, విట్రెక్టమీ. అమెరికాలో మయామీలో రాబర్ట్ మాకెమర్ అనే డాక్టర్ 1970ల మొదట్లో కంటి తెల్లగుడ్డులో చిన్న రంధ్రం చేసి జెల్‌ని కోసి పీల్చే పద్ధతి మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆ సూది అర మిల్లీమీటర్, అంతకంటే సన్నం. ఇక్కడ కూడా జెల్ గుణమే కథ నడుపుతుంది. దీన్ని నీళ్ళలా ఊరికే పీల్చడానికి లేదు, పీలిస్తే పోగులు సాగి ఆ చివర ఉన్న రెటీనాని లాగుతాయి. అందుకే సూది మూతిలో ఒక కత్తి నిమిషానికి 10,000 సార్లకు పైగా కోస్తుంది, పోగు సాగి బిగిసేలోపే తెగిపోవాలి. ఇది విన్నప్పుడు నా మనసు నిజంగా ఆనందంతో నిండింది, ఎవరో ఈ జెల్‌ని ఎంత బాగా అర్థం చేసుకుంటే ఆ మెషిన్ పుట్టింది.

కానీ మేడమ్ నాకు వద్దన్నారు. తీసిన జెల్ మళ్ళీ పెరగదు, ఆ చోటు కంట్లో ఊరే నీటితో నిండుతుంది, యాభై దాటినవాళ్ళలో ఆ ఆపరేషన్ తర్వాత ఒకటి రెండేళ్ళలో శుక్లం రావడం దాదాపు ఖాయం, ఇన్‌ఫెక్షన్, చిరుగు ప్రమాదాలు కూడా తక్కువైనా ఉన్నాయి. పోగులు చూపుకి మరీ అడ్డమై బతుకు ఇబ్బంది పడితేనే ఆ మాట. చాలామందికి నెలలు గడిచేకొద్దీ రింగు కిందికి జారుతుంది, మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. నాకు ఇప్పుడు వైట్‌బోర్డు ముందు కనిపిస్తుంది, ఇంట్లో ఉంటే గుర్తుకు రాదు. ఒకవేళ ఆపరేషన్ కావాల్సి వస్తే ఈ క్లినిక్‌లో చేయరు, చెన్నైకో హైదరాబాద్‌కో రాసిస్తారు. మనకి చెన్నై దగ్గర. అక్కడి శంకర నేత్రాలయ కంటి ఆస్పత్రిని 1978లో మొదలుపెట్టిన డాక్టర్ ఎస్.ఎస్. బద్రీనాథ్ కూడా ఈ విట్రియస్, రెటీనా సర్జన్‌గా పనిచేసినవారే. మన వైపు నుంచి కళ్ళ కోసం అక్కడికి వెళ్ళడం నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే.

షుగర్ ఉన్నవాళ్ళు ఇంకొంచెం గట్టిగా పట్టించుకోవాలి. షుగర్ ముదిరితే రెటీనా మీద బలహీనమైన కొత్త రక్తనాళాలు పుట్టి జెల్ వెనక తలాన్ని పట్టుకుని పాకుతాయి. ఆ జెల్ కదిలినా, కుంచించుకున్నా నాళాలు చిట్లి లోపల రక్తం చిమ్ముతుంది, లేదంటే రెటీనానే లాగేస్తుంది. నా పక్కన కూర్చున్న అల్లూరు పెద్దాయన, రొయ్యల చెరువులు చూసుకుంటాడట, ఒక కన్ను అలాగే పోయాక వచ్చానన్నాడు. రెండో కన్నయినా నిలబెట్టాలి నాయనా అన్నాడు. చుక్కలు కనిపించే దాకా ఆగకుండా షుగర్ వాళ్ళు ఏడాదికోసారి రెటీనా చూపించుకోవాలి. శుక్లం ఆపరేషన్ అయినవాళ్ళు, కంటికి బంతి లాంటిది గట్టిగా తగిలినవాళ్ళు కూడా మెరుపులు వస్తే ఆగొద్దు.

ఇప్పుడు నచ్చనివి. టోకెన్ ఇస్తారు కానీ టోకెన్ ప్రకారం పిలవరు, తెలిసినవాళ్ళు లోపలికి పోతూనే ఉంటారు. పొద్దున వెళ్తే మధ్యాహ్నం భోజనం వేళ దాటింది. పాప పెద్దదైన కళ్ళతో జనాన్ని కూర్చోబెట్టే చోట ఎదురుగా పెద్ద అద్దం కిటికీ, కర్టెన్ కూడా లేదు. చుక్కలు వేసుకున్న ముసలివాళ్ళు చేతులు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు, చూస్తే బాధేసింది. ఒక కర్టెన్ ఎంతవుతుంది? బి-స్కాన్‌కి వేరే డబ్బులని ముందు చెప్పలేదు, బిల్లులో చూసుకున్నాం. నాకు ఆ స్కాన్ విలువ తెలుసు కాబట్టి బాధలేదు, కూలికి పోయి వచ్చేవాళ్ళకి మాత్రం ముందే చెప్పాలి. అన్నిటికంటే పెద్ద లోటు, ఇంటికిచ్చే కాగితం మొత్తం ఇంగ్లిష్‌లో ఉంది. ఏ లక్షణాలు వస్తే పరుగెత్తుకు రావాలో అందులోనే అచ్చయి ఉంది. ఉదయగిరి నుంచో కనిగిరి నుంచో వచ్చిన పెద్దమనిషికి అది ఏం ఉపయోగం? మేడమ్ నోటితో చెప్పే తెలుగు అంత బాగుంది, అదే అచ్చు వేయిస్తే చాలు. ఈ మాట కౌంటర్లో కూడా చెప్పి వచ్చాను.

కింద మెడికల్ షాపులో రాయని విటమిన్ మాత్రలు, కంటి టానిక్ కూడా కలిపి ఇవ్వబోయారు. చీటీలో ఉన్నది మాత్రమే ఇవ్వమని అడగండి. నాకు చీటీలో మందే లేదు, రెండో పరీక్ష తేదీ మాత్రమే ఉంది.

వెళ్ళేవాళ్ళు పాత అద్దాల చీటీలు, షుగర్, బీపీ మందుల పేర్లు పట్టుకెళ్ళండి. నల్ల అద్దాలు, మంచినీళ్ళు, తోడు మనిషి తప్పనిసరి. ఆదివారం ఉండదు. బండి పెట్టడానికి ఆ సందులో చోటు దొరకదు, కార్లో వెళ్ళేవాళ్ళు దూరంగా ఆపుకుని ఆటోలో రావడం మంచిది. మా అమ్మకి కిందటేడు శుక్లం ఆపరేషన్ అయింది, ఈ మధ్య ఆమె కూడా కంట్లో ఏదో తిరుగుతోంది రా అంటోంది, కాబట్టి ఈ వారంలోనే మళ్ళీ ఇక్కడికే తీసుకెళ్తున్నాను. మేడ ఎక్కడానికి లిఫ్ట్ లేదు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని కింద గదిలో చూస్తారా అని ఫోన్ చేసి అడిగితే, ముందు చెప్తే మేడమ్ కిందికి వచ్చి చూస్తారు అన్నారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే మీరూ ఫోన్ చేసి చెప్పి వెళ్ళండి.